సంబంధం అనే గడి

హన్మకొండ కోర్టు గోడకు ఆనుకొని నా రేకుల డబ్బా.
దస్తావేజులు రాస్త. వంశవృక్షానికి నలభై,
కొమ్మలెక్కువుంటే అరవై.

పొద్దున పదింటికి రాఘోత్తమరావు వచ్చిండు.
ఎర్రబట్టల సుట్టిన ఖాతాబుక్కు సంకల,
తెగిన చెప్పుకు ఇనుపతీగె కుట్టు.
ఒకప్పుడు ఆ ఇంటి ముందునుంచి
చెప్పులు చేతులపట్టుకొని నడిచిండ్రు మావోళ్లు.
కుర్చీ చూపిచ్చిన. అంచుమీద కూసున్నడు.

"పరకాల రోడ్డు మా గొల్లచెర్ల చెలకలనుంచి పోతుంది.
పద్దెన్మిది గుంటలు. ఆ పైసలకు ఏడుగురం."

పైనుంచి మొదలువెట్టిన.

వెంకట నర్సింగరావు, మూలపురుషుడు.
పన్నెండూర్ల దేశ్‌ముఖి, ఒక ఏనుగు.
మేపలేక ఆ ఏనుగును నజరానా కింద పంపితే
సర్కారు మెచ్చి ఇంకో ఊరిచ్చిందట.

ఆయనకు ముగ్గురు కొడుకులు.
పెద్దాయన మోటరుకారు కొన్నడు, రోడ్డులేని ఊరికి.
వానకాలమంతా దాన్ని ఎట్టోళ్లు మోకులేసి గుంజిండ్రు,
ఆయన లోపల కూసుండి హారను కొట్టిండు.
నడిపాయన నాగుకిచ్చేటందుకు ఒక కుంచం,
వసూలుకు ఇంకో కుంచం చేపిచ్చిండు.
రెంటినీ ఒక్క వడ్లాయనే చేసిండు, నోరు తెరవలేదు.
చిన్నాయనకు పిల్లలు లేరు. గీత అక్కడ ఆపిన.

మూడో వరుస రాయబోతే సంఘం అడ్డమొచ్చింది.
రాత్రికి రాత్రి కచ్చురాలు కట్టుకొని పట్నం పోయిండ్రు.
ఖాతాలన్నీ మంటల పడ్డయి.
ఇదొక్కటి వడ్ల గుమ్మిల పడి బతికింది.
వాపసొచ్చి, టేకు దూలాలమ్ముకుంట,
ద్వారబంధాలమ్ముకుంట,
అన్నదమ్ములు ఒకరిమీదొకరు దావాలేసుకుంట
ఇదే కోర్టు మెట్లమీద ముసలోళ్లయిండ్రు.
వాళ్ల దావాలతోనే మా ఉస్తాదు రెండంతస్తులు లేపిండు.

నాలుగో వరుస రాఘోత్తం.
చిట్‌ఫండ్ల వసూళ్ల పని. షుగరు.

అంతా కుదిరిందనుకున్న. అప్పుడు పహాణీ నకలు తీసిండు.
పట్టాదారు: మల్కవ్వ.

"సీలింగు టైంల మా బాపు ఎవరెవరి పేర్లనో రాసిండు,
జీతగాళ్లవి, చచ్చినోళ్లవి.
గీ తుకడ ఆమె పేరన మిగిలిపోయింది.
ఆమెను మా ఇంటి మనిషని చూపిస్తెనే
పైసలొస్తయంటున్నడు తహసీల్దారు."

వంశవృక్షంల ప్రతి పేరు పక్కన ఒక గడి ఉంటది.
దొరలుండే గడి కాదు, చిన్నది,
వేలిగోరంత. సంబంధం అని రాసుంటది.
"ఇండ్ల ఏం రాయాలె?" అన్న.

వేలు తడిచేసుకుంట ఖాతాబుక్కు తిప్పిండు.
వాళ్ల నాయనమ్మ పెండ్లినాటి పేజీ, సిరా కాఫీరంగు:
ఇత్తడి గంగాళాలు ఆరు
పాడిబర్లు నాలుగు
పట్టెమంచం ఒకటి
ఆడబాప ఒకటి. పేరు మల్కి. ఈడు పది.

"నన్ను సంకనేసుకొని తినిపిచ్చేది" అన్నడు,
"జొన్నరొట్టె పాలల్ల పిసికి.
మా అమ్మ చేతిబువ్వ యాదికి లేదు, ఆమెది ఉంది.
ఒక కొడుకుండెనట. ఏటో పోయిండు."

ఏటో అంటే ఆజంజాహి మిల్లుకు.
పద్నాలుగేండ్ల పోరడు, రైలుపట్టాలెంబడి,
నడుముకు అమ్మ కట్టిన రొట్టెలతోని.
సాంచెల మోతకు చెవులు పోయినంక
ఇంట్ల అందరితోని గట్టిగ మాట్లాడేది.
తండ్రిపేరు అడిగినకాడ మాత్రం వినవడనట్టు
అడ్డగీత వెట్టేది.

రాఘోత్తం కుడిచెవి ముందర
సూదిమొనంత గుంట.
నేను చూసుడు చూసి తడుముకున్నడు:
"పుట్టుకతోటే. మా తాతకుండె, బాపుకుండె."

రోజూ గడ్డం గీసుకునేటప్పుడు
బ్లేడు తగలకుంట జాగ్రత్తవడత నేను, ఆ జాగల.

"ఏదో ఒకటి రాయి" అన్నడు చివరికి.
"మా తాతకు ఏమైతదో, అదే."
ఆ మాటన్నంక తన చెప్పు దిక్కే చూసుకుంట కూసున్నడు.

పెన్నుకు మూత వెట్టిన. రేపు రమ్మన్న.
నలభై ఇయ్యబోతే పనైనంకనే అన్న.
ఆయన పోయినంక అంత చలేం లేదు గని
మఫ్లరు చెవులమీదికి గుంజుకున్న.